తోటల లెక్క తీసేటప్పుడు

అమ్మా శైలజా,

ఆశీస్సులు. అనంతపురం జిల్లాలో అరవై ఏళ్లుగా పండ్లతోటల విస్తీర్ణం ఎట్లా మారిందో రాయబోతున్నావని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. చాలా సంతోషమైంది. నా సర్వీసంతా ఈ పట్టికల మధ్యనే గడిచింది కాబట్టి, నువ్వు గ్రాఫు గీయకముందే కొన్ని సంగతులు నీ చెవిన వేయాలని రాస్తున్నాను.

మొదట ఏ గడిలో వెతకాలో తెలుసుకో. భూ వినియోగ పట్టికలో తొమ్మిది గడులుంటాయి. వాటిలో ‘వివిధ చెట్లు, తోపులు’ అని ఒకటి కనపడుతుంది. తోటల లెక్క ఇదేననుకుని ఎత్తి రాసుకునేవాళ్లను చాలామందిని చూసినాను. అది కాదమ్మా. ఆ గడిలో ఉండేవి సరుగుడు, వెదురు, కప్పుగడ్డి, వంటచెరుకు తోపులు. చీనీ (బత్తాయి), మామిడి, సపోటా, దానిమ్మ తోటలన్నీ ‘నికర సాగు విస్తీర్ణం’లోనే, అంటే ఎన్ని పంటలేసినా నేలను ఒక్కసారే లెక్కపెట్టే గడిలోనే, శనక్కాయతో, జొన్నతో కలిసిపోయి ఉంటాయి. ఒక రైతు నాలుగెకరాల శనక్కాయ చేను తీసేసి చీనీ అంట్లు పెట్టినాడనుకో, ఈ పట్టికలో ఒక్క అంకె కూడా కదలదు. మన జిల్లాలో జరిగిన అసలు మార్పేమో అదే! అది తేలాలంటే పంటలవారీ పట్టికలు తిరగేయాల్సిందే. ఉద్యాన శాఖ అంకె, గణాంక శాఖ అంకె ఒకటిగా ఉండవు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా దాంతోనే పో. మధ్యలో మార్చినావంటే గ్రాఫులో లేని ఎగుడుదిగుడులు పుట్టుకొస్తాయి.

ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ 1961 నుంచి ఇస్తున్న ‘శాశ్వత పంటల’ అంకెతో పోల్చాలనుకుంటే, వాళ్లు కలప చెట్లను అందులో కలపరని గుర్తుపెట్టుకో. నీలగిరి, సరుగుడు పక్కన పెట్టాలి.

హద్దుల సంగతి నీకు చెప్పనక్కరలేదు గానీ, తొందరలో మర్చిపోయేది అదే. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినాయి. 2022 ఏప్రిల్‌లో ధర్మవరం, కదిరి, హిందూపురం వైపంతా శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఆ ఏడాది నుంచి రెండు జిల్లాలనూ కూడి రాయి. మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు పాత 1966 హద్దులకు సర్దిన జిల్లా లెక్కలు పెట్టినారు, అవి కూడా చూడు.

ఇక అంకెల వెనక సంగతికి వస్తా. ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. ఒకప్పుడు ఈ జిల్లాలో శనక్కాయ ఒక్కటే 7 లక్షల హెక్టార్లకు పైన ఉండేది. ఆ ఎర్రనేలల్లోకి తోటలు వచ్చింది బోరు వెంట. ఆ తర్వాత 2003లో మొదలైన డ్రిప్ పథకం, 2005-06లో వచ్చిన జాతీయ ఉద్యాన మిషన్, ఉపాధి హామీ కింద చిన్న రైతుల మెట్టల్లో నాటించిన మామిడి, 2012లో జీడిపల్లి జలాశయానికి చేరిన హంద్రీ-నీవా కాలువ నీళ్లు తోడైనాయి. ఈ తేదీలను నీ గ్రాఫు కింద గుర్తు పెట్టుకుంటే గీత ఎక్కడ ఎందుకు వంగిందో చాలావరకు అర్థమవుతుంది.

అయితే పైకి పోయే గీతను చూసి మురిసిపోవద్దు. 2000ల మొదట్లో వచ్చిన కరువులో చీనీ తోటలు ఎట్లా పోయినాయో నేను కళ్లారా చూసినాను. బోరు గంటసేపు పోసి గాలి కక్కేది. ఆకు లోపలికి ముడుచుకునేది, కాయ నిమ్మకాయంత దగ్గరే ఆగిపోయేది. ట్యాంకర్లతో తోలి పాదుపాదుకూ బిందెలతో పోసినవాళ్లున్నారు. అయినా నిలవక, పదేళ్లు సాకిన చెట్టును కొట్టేసి కట్టెల కింద అమ్ముకున్నారు. ఆ నష్టం లెక్కలోకి వెంటనే రాదు. పోయినేటి అడంగల్ (ఊర్లో ఏ చేలో ఏ పంటో రాసే లెక్క పుస్తకం) చూసి ఈ ఏడూ ‘చీనీ’ అనే రాసేస్తే, ఎండిన తోట కాగితం మీద ఇంకో రెండేళ్లు పచ్చగానే ఉంటుంది. పైగా ఒక ఊర్లో వంద ఎకరాలు పీకేసి, ఇంకో ఊర్లో వంద ఎకరాలు నాటితే జిల్లా మొత్తంలో తేడా సున్నా. రెండు వందల కుటుంబాల కష్టం ఆ సున్నా కింద పడిపోతుంది. అందుకే జిల్లా మొత్తంతో ఆగిపోవద్దని గట్టిగా చెబుతున్నా. రెండు మూడు మండలాలైనా విడిగా తీసి చూడు. గార్లదిన్నె, నార్పల, తాడిమర్రి తీసుకుంటే బాగుంటుంది.

కాపుకొచ్చిన తోట, రాని తోట వేరుచేసిన లెక్క దొరికితే అస్సలు వదలొద్దు. చీనీ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ధర బాగున్న ఏడు చూసి నాటిన అంటు, ధర పడిపోయిన ఏడు కాయిస్తుంది. కాబట్టి ఈ ఏడాది విస్తీర్ణమంటే, ఎన్నో ఏళ్ల కింద రైతు ఏమనుకున్నాడో చెప్పే అంకె. ఇప్పుడేమనుకుంటున్నాడో తెలియాలంటే కాపుకు రాని తోటలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చూడాలి. ఇంకొకటి, లేతతోటల్లో సాళ్ల మధ్య శనక్కాయో కర్బూజానో వేస్తారు. రెండు పంటలకూ అదే ఎకరం పడితే మొత్తం ఉన్న నేలకన్నా ఎక్కువ తేలుతుంది. అట్లాంటి చోట నికర విస్తీర్ణానికి సరిచూసుకో.

పట్టికలు అయినాక తోటల్లోకి పో. అంటు ఏ ఏడు నాటినారు, దీనికి ముందు ఆ చేలో ఏముండేది, మొదటి బోరు ఎన్ని అడుగుల్లో పడింది, ఇప్పటిది ఎన్ని అడుగులు అని అడుగు. మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంటే ఆ తోట ఎక్కువకాలం ఉండదని నీ పుస్తకంలో రాసుకో. కూలికి వచ్చే ఆడవాళ్లను కూడా అడుగు. శనక్కాయ ఉన్నప్పుడు కలుపుకు, కాయలు ఒలవడానికి ఎన్ని దినాలు పని దొరికేది, తోటలొచ్చినాక ఎన్ని దినాలు దొరుకుతున్నదో వాళ్లే సరిగ్గా చెప్తారు. విస్తీర్ణం పట్టికలో వాళ్లకు గడి లేదు. నీ రాతలో పెట్టు.

సంక్రాంతి దాటినాక రా. నార్పల వైపు తెలిసిన రైతులున్నారు, నేనే వెంట వస్తా. మండలాల పటం, పాత తాలూకా పటం రెండూ తెచ్చుకో.

ఇట్లు,
మీ పెద్దనాయన