బొంతకు బట్ట ఖర్చు తగ్గించుకునే మార్గం

డబుల్ కాట్ బొంతకు బట్ట ఖర్చు మించిపోతోందని మీరు రాశారు. ఎక్కువ బట్ట ఒకేచోట పట్టేది అడుగుభాగానికే కనుక, దానికి కొత్త గుడ్డ కొనకండి. వాడి మెత్తబడిన నూలు చీర సుమారు 5.5 మీటర్లు ఉంటుంది. పన్నా 45 అంగుళాలైతే, 90 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కత్తిరించి అంచుల వెంట కలిపి కుడితే, మంచం నిండా పరుచుకునే అడుగుబట్ట పైసా ఖర్చు లేకుండా సిద్ధమవుతుంది. మా అమ్మ కుట్టిన బొంతలన్నీ ఇలాంటివే. కత్తిరించే ముందు చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, మడతల దగ్గర నేత పలచబడిన భాగాన్ని తప్పక వదిలేయండి. పైభాగానికి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కట్ పీసులు అడగండి. వాటిని ముందుగా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టకపోతే, తొలి ఉతుకులోనే కొత్త నూలు కుదించుకుపోయి బొంత ముడతలు పడుతుంది. దారం విషయంలో మాత్రం పొదుపు చూడకండి.