మేడ మీద సోలార్ పెట్టేముందు, అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మేడ మీద సోలార్ పెట్టిద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. తెనాలిలో మన ఇంటిమీద 3 కిలోవాట్లు పెట్టించాక నాకు తెలిసొచ్చినవి రాస్తున్నాను.

ముందు నెట్ మీటరు సంగతి. ఇది లైనుతో చేబదులు లాంటిది. పగలు నీ ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి నీకు కావలసింది లైను నుంచి వస్తుంది. ఇచ్చింది, తెచ్చుకుంది రెండూ ఆ మీటరు విడివిడిగా రాసుకుంటుంది. యూనిట్‌కు యూనిట్ చెల్లు కాబట్టి వాషింగ్ మెషిన్ ఎండ ఉండగానే వెయ్యాలన్న కంగారు అక్కర్లేదు.

అందరూ తికమకపడేది ఒక్కచోటే. ఇన్వర్టర్ యాప్‌లో ఆ నెల సోలార్ తయారుచేసింది 360 యూనిట్లని కనిపిస్తుంది, బిల్లులో ఎక్స్‌పోర్ట్, అంటే లైనుకిచ్చింది, 230 అని ఉంటుంది. మిగతా 130 ఏమైపోయాయని గుండె గుభేలుమంటుంది. అవి ఎక్కడికీ పోలేదు నాయనా, పగలు నీ ఫ్యాన్లు, ఫ్రిజ్ వాడుకున్నాయి. అవి మీటరు దాకా రానేలేదు. అదే నెల ఇంపోర్ట్, అంటే లైను నుంచి తెచ్చుకుంది, 280 అయితే 50 యూనిట్లకే బిల్లు. సోలార్ లేకుంటే 410కి కట్టేవాడివి. మన రాష్ట్రంలో 225 దాటాక 400 దాకా యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 75 లోపు 3 రూపాయలు మించదు. ముందు తెగిపోయేది ఆ ఖరీదైన యూనిట్లే. ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి.

ఇక నా అనుభవం విను. నెట్ మీటరు రాకముందే, బిగించినవాళ్ళు పని చేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేసి అలాగే వదిలి వెళ్ళారు. బయటికి పోయే కరెంటును కూడా మా పాత మీటరు వాడకం కిందే లెక్కేసింది. పదకొండు రోజుల ఎండకు నేనే డబ్బు కట్టాను. కొత్త మీటరు బిగించి సీలు వేసేదాకా స్విచ్ ముట్టనివ్వకు.

అమ్మేవాళ్ళు మే నెల బిల్లు చూపించి 5 కిలోవాట్లు పెట్టించుకోమంటారు. ఒప్పుకోకు. ఏడాది బిల్లులు ముందేసుకో, కిలోవాట్‌కు నెలకు సుమారు 120 యూనిట్లు అనుకుని లెక్క కట్టు. మిగులు యూనిట్లు తర్వాతి నెలకు జమ అవుతాయి, చివరికి డబ్బిచ్చినా పెట్టుబడికి తగ్గ లాభం కాదు. కేంద్రం వారి పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ కూడా 3 కిలోవాట్లకు 78,000, ఆపైన పెంచినా పైసా ఎక్కువ రాదు. అది అంతా అయ్యాక బ్యాంకులో పడుతుంది, ముందు మొత్తం నువ్వే సర్దుకోవాలి. ఆ పథకం పోర్టల్‌లో నమోదైనవాళ్ళకే పని ఇవ్వు.

బ్యాటరీ లేని సోలార్, లైనులో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసమే ఆ ఏర్పాటు. పిల్లలకు ముందే చెప్పి ఉంచు.

మీ ఇంటి మీటరు ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది కదా, ముందు అది నీ పేరుకు మార్పించు. ఆ కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. ఆదివారం భోజనానికి రా, పన్నెండు నెలల బిల్లులూ తీసుకురా, ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

మీ పెదనాన్న