ఎల్ఈడీ స్ట్రిప్‌కు ఎంత ఎస్ఎంపీఎస్ కావాలి?

ప్రశ్న: మా హాలు ఫాల్స్ సీలింగులో ఐదేసి మీటర్ల ఎల్ఈడీ స్ట్రిప్ రోల్స్ రెండింటిని ఒకదాని చివర మరొకటి కలిపి పెట్టించాము. స్ట్రిప్ 12 వోల్టులది, మీటరుకు 14.4 వాట్లు అని దాని మీద ఉంది. దుకాణంలో ఇచ్చిన 12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టరు కాసేపటికే చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కుతోంది. చివరి భాగం మసకగా వెలుగుతోంది. 24 వోల్టుల అడాప్టరు పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పెట్టకూడదు. మీ స్ట్రిప్‌లో మూడేసి ఎల్ఈడీలు ఒక చిన్న రెసిస్టరుతో వరుసగా ఉంటాయి కాబట్టి, దానికి 24 వోల్టులు ఇస్తే కరెంటు అనేక రెట్లు పెరిగి స్ట్రిప్ మాడిపోతుంది. ఇప్పుడున్న అడాప్టరును కూడా వెంటనే తీసేయించండి.

పది మీటర్లకు 144 వాట్లు, అంటే 12 వోల్టుల వద్ద 12 ఆంపియర్లు కావాలి. మీ అడాప్టరు ఇవ్వగలిగేది 60 వాట్లే. ఇంటి 230 వోల్టుల కరెంటును ఇలా తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే అడాప్టరు వంటి సాధనాన్నే ఎస్ఎంపీఎస్ అంటారు. ఎస్ఎంపీఎస్‌ను దాని పూర్తి సామర్థ్యం మీద గంటల తరబడి నడపడం మంచిది కాదు. ఎనభై శాతానికి మించకుండా చూసుకుంటే 180 వాట్లది, అంటే 12 వోల్టుల, 15 ఆంపియర్లది మీకు సరిపోతుంది. ఆంపియర్లు ఎక్కువ ఉన్నాయని స్ట్రిప్ పాడవుతుందేమోనన్న భయం అక్కర్లేదు. వోల్టేజి సరిగ్గా ఉన్నంతవరకు స్ట్రిప్ తనకు కావలసినంత కరెంటే తీసుకుంటుంది. ప్యానెల్ లైట్ల డ్రైవరును మాత్రం దీనికి వాడవద్దు, ఎందుకంటే అది స్థిరమైన వోల్టేజికి బదులు స్థిరమైన కరెంటును ఇచ్చే రకం.

అయితే ఎస్ఎంపీఎస్ మార్చినంత మాత్రాన చివరి మసక పోదు. స్ట్రిప్‌లోని పలుచటి రాగి పట్టీ గుండా పది మీటర్ల కరెంటంతా సాగవలసి రావడంతో దారిలోనే వోల్టేజి పడిపోతోంది. రెండు రోల్స్‌ను విడదీసి, ఒక్కొక్కదానికి ఎస్ఎంపీఎస్ నుంచి వేరుగా వైర్లు లాగించండి. ఒక్కో రోల్‌కు 6 ఆంపియర్లు వెళుతుంది కనుక, నాలుగు మీటర్ల దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో, రానూపోనూ కలిపి దాదాపు అర వోల్టు పోతుంది, 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ నష్టం ఇంకా తగ్గుతుంది. అప్పటికీ రోల్ చివర తేడా కనిపిస్తే, రెండో కొసకు కూడా అదే ఎస్ఎంపీఎస్ నుంచి, ప్లస్ మైనస్‌లు తారుమారు కాకుండా కనెక్షన్ ఇప్పించండి.

ఇంకా స్ట్రిప్ కొననివారు పొడవాటి సీలింగుకు 24 వోల్టుల స్ట్రిప్, దానికి తగిన 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ తీసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. అవే వాట్లకు కరెంటు సగమే కావడం వల్ల, వైరులో పోయే వోల్టేజి శాతం నాలుగో వంతుకు తగ్గుతుంది.

కొనేటప్పుడు ఎస్ఎంపీఎస్ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. దాన్ని జిప్సం బోర్డుల మధ్య మూసేయకుండా గాలి ఆడేచోట, అవసరమైతే చెయ్యి అందేలా పెట్టించండి. లోహపు పెట్టె ఉన్న రకమైతే ఎర్త్ వైరు తప్పనిసరి; 230 వోల్టుల వైపు పనిని మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.