పాలపళ్లే కదా అని వదిలేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 6 ఏళ్లు. చాక్లెట్లు పూర్తిగా మాన్పించాం. అయినా దవడ పన్ను నల్లబడింది. పాలపళ్లే, ఎలాగూ ఊడతాయని మా అత్తగారంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: చాక్లెట్ మానింది సరేనమ్మా, బిస్కెట్ల సంగతేంటి? నా దగ్గరికొచ్చే చాలామంది పిల్లల జేబుల్లో బిస్కెట్ ప్యాకెట్టో, బెల్లం బుడ్డల (వేరుశనగ) ఉండో ఉంటుంది. కాసేపటికోసారి తీసి కొరుకుతుంటారు. చిక్కంతా అక్కడే. తీపి, పిండి తగిలిన ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది. లాలాజలం దాన్ని విరిచేయడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆలోపే మరో బిస్కెట్! ఎంత తిన్నాడన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నదే లెక్క.

బడి నుంచి రాగానే ఒక్కసారే పెట్టండి. ఉడకబెట్టిన బుడ్డలైతే మేలు. బెల్లం ఉండే కావాలని మారాం చేస్తే అన్నంతోపాటే ఇచ్చేసి నీళ్లు తాగించండి. రాత్రి బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే తోమండి. వాడి చేతికి బ్రష్షిస్తే ముందు పళ్లు రుద్దేసి పరుగెత్తుతాడు.

అత్తగారి మాటకొస్తే, పాల దవడ పళ్లు 10–12 ఏళ్ల దాకా ఉంటాయి. పైగా వాటి వెనకాల 6 ఏళ్లకు వచ్చే దవడ పన్ను శాశ్వతమైనది. దాన్నీ పాలపన్నే అనుకుంటారు. నల్లబడ్డది ఏదో ఈ వారమే డెంటిస్టుకు చూపించండి.