అమ్మ అడిగిందే అడుగుతుంటే ఓర్పు నిలవడం లేదు

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మకు 74 ఏళ్లు. అల్జీమర్స్ అని డాక్టర్లు చెప్పి రెండేళ్లు దాటింది. నాయన పోయి చాలా కాలమైనా, ‘మీ నాయన ఇంకా రాలేదా?’ అని రోజంతా అడుగుతూనే ఉంటుంది. సాయంత్రమైతే ‘పొద్దు పోతా ఉంది, ఇంటికి పోవాల’ అంటూ చంద్రగిరిలోని పుట్టింటికి బయలుదేరి గేటు దగ్గర నిలబడుతుంది. ఆ ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. నేను టీచరును. పగలు పనిమనిషి చూసుకుంటుంది, రాత్రి నేనే. ఓర్పు నశించి గట్టిగా అరిచేస్తున్నాను, తర్వాత ఒంటరిగా ఏడుస్తున్నాను. బెంగళూరులో ఉండే అన్నయ్య డబ్బు పంపి, ‘కొంచెం ఓపిక పట్టు’ అంటాడు. ఆ ఓపిక ఎలా తెచ్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పగలంతా బడిలో నిలబడి, రాత్రుళ్లు సరిగా నిద్రలేక గడిపే మనిషికి కోపం రావడం సహజం. దాన్ని చూసుకుని మీరు చెడ్డ కూతురినని తీర్మానించుకోవద్దు. మీ ఓర్పు తగ్గడానికి మొదటి కారణం నిద్రలేమి అని నా అభిప్రాయం. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

కొత్త విషయాలను గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఈ వ్యాధిలో తొలిదశలోనే దెబ్బతింటుంది. అందువల్ల ఇందాక మీరు చెప్పిన జవాబు అమ్మగారి దగ్గర నిలవదు, చిన్ననాటి చంద్రగిరి ఇల్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. మీకు పదోసారి వినిపించే ప్రశ్న ఆమెకు మొదటిసారి అడుగుతున్నదే. ‘ఇప్పుడే చెప్పాను కదమ్మా’ అన్న మాటను మానుకోగలిగితే సగం గొడవ తగ్గుతుంది. నాయన చనిపోయారని ప్రతిసారీ గుర్తుచేయకండి. విన్న ప్రతిసారీ ఆమెకు అది కొత్త చావుకబురే. కాసేపటికి ఆ కబురు మరిచిపోయినా దిగులు మాత్రం ఆమెలో ఉండిపోతుంది. అబద్ధం చెప్పడానికి మనసొప్పకపోతే చెప్పనక్కర్లేదు. ‘నాయన గుర్తొచ్చాడా అమ్మా? ఆయనకు ఏ కూరంటే ఇష్టమో చెప్పు’ అని అడిగి చూడండి. ఆమెకు కావలసింది ఆయన గురించి మాట్లాడుకోవడమే కావచ్చు.

పొద్దు వాలేటప్పుడు అలజడి పెరగడం ఈ జబ్బు ఉన్న చాలామందిలో కనిపిస్తుంది. చీకటి పడకముందే ఇంట్లో లైట్లు వేయండి, టీవీ ఆపేయండి, మధ్యాహ్నం తర్వాత కాఫీ ఇవ్వకండి, ఉదయం కాసేపు లేత ఎండలో కూర్చోబెట్టండి. ఆమె గేటు దగ్గర నిలబడినప్పుడు ఇల్లు అమ్మేశారని వాదించకుండా, ‘ఈ పూలు కట్టేసి పోదాం రామ్మా’ అని కనకాంబరాలూ దారమూ ముందు పెట్టండి. పేర్లు మరిచిపోయిన వారికి కూడా, ఏళ్ల తరబడి చేసిన పనులు చేతుల్లో చాలాకాలం మిగిలి ఉంటాయి. ముడి వదులైనా, మాల వంకరపోయినా సరిదిద్దకండి. స్నానానికి మొండికేస్తే ఆ పూటకు తడిగుడ్డతో ఒళ్లు తుడిచి వదిలేయండి.

ఒకటి రెండు రోజుల్లోనే తికమక బాగా పెరిగితే మాత్రం జబ్బు ముదిరిందని సరిపెట్టుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు కాబట్టి వెంటనే డాక్టరుకు చూపించండి. స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల జబ్బుల) విభాగం మీ ఊళ్లోనే ఉంది. మన ఎండల్లో కూడా పెద్దవాళ్లు దాహమని అడగరు, మనమే నీళ్లో మజ్జిగో ఇస్తూ ఉండాలి.

కోపం గొంతుదాకా వచ్చినప్పుడు, అమ్మగారు భద్రంగా కూర్చుని ఉంటే, మీరు కాసేపు పక్క గదిలోకి వెళ్లిపోవడం తప్పు కాదు. ఏడుపు, నిస్సత్తువ వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అది మీలాంటి సంరక్షకులకు కూడా పనికొచ్చే సేవ.

ఇక అన్నయ్యగారి విషయం. దూరాన ఉండి ఓపిక పట్టమని చెప్పడాన్ని నేను సాయం కింద లెక్కకట్టలేను. బెంగళూరు నుంచి తిరుపతికి ఒక పూట ప్రయాణమే. ‘నెలలో ఫలానా శని, ఆదివారాలు నువ్వు వచ్చి రాత్రుళ్లు అమ్మ గదిలో పడుకో’ అని తేదీలతో సహా అడగండి. మొహమాటపడి ‘వీలైతే రా’ అనకండి. రాలేనంటే, వారంలో కొన్ని రాత్రులకైనా మనిషిని పెట్టడానికయ్యే ఖర్చు ఆయన్నే భరించమనండి. ఆ రాత్రుళ్లు మీరు వేరే గదిలో తలుపు వేసుకుని తెల్లవారేదాకా నిద్రపోండి. ఈ జవాబును ఆయనకు చూపించాలనుకుంటే తప్పకుండా చూపించండి.