విహారం – ప్రశ్నలు, జవాబులు: సముద్రతీరంలో ఆఖరి రోజు

ప్రశ్న: మాకు మొన్న మాఘమాసంలో పెళ్లయింది. మార్చి మొదటివారంలో అయిదు రోజులకు అండమాన్ వెళ్తున్నాం. మొదటి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం), తరువాతి రెండు రాత్రులు హావ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) ఉండేలా గదులు తీసుకున్నాం. ఆఖరి రోజు మధ్యాహ్నం ఒకటిన్నరకు పోర్ట్ బ్లెయిర్ నుంచి హైదరాబాదుకు విమానం. ఆ రోజు తెల్లవారుతూనే స్కూబా డైవింగ్ చేసి, తొమ్మిది గంటల ఫెర్రీ పట్టుకుందామని మావారి ఆలోచన. ఇంత ఖర్చు పెట్టి వెళ్లాక ఒక్క పూట కూడా వృథా చేయకూడదంటారు. నాకేమో ఆ ఒక్క రోజయినా పరుగులు లేకుండా గడపాలని ఉంది. పైగా అత్తయ్యగారు గవ్వలు, పగడపు ముక్కలు తెమ్మన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఎవరి మాట వినాలన్నది తరువాత చూద్దాం, ముందు ఆ డైవింగ్‌ను ఆఖరి రోజు నుంచి తీసేయండి. ఇది ఇష్టాయిష్టాలకు కాదు, ఆరోగ్యానికి సంబంధించిన విషయం. సముద్రంలో పది మీటర్ల లోతుకు దిగేసరికి శరీరం మీద పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. ఆ పీడనంలో, వీపున తగిలించుకున్న సిలిండర్‌లోని గాలి పీల్చినప్పుడు అందులోని నత్రజని మామూలు కంటే ఎక్కువగా రక్తంలోను, కండరాల్లోను కరుగుతుంది. పైకి వచ్చాక అది ఊపిరితో పాటు నెమ్మదిగా బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే, అక్కడ గాలి పీడనం రెండు వేల మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంత తక్కువగా ఉంటుంది కనుక, మిగిలిపోయిన నత్రజని మూత తీసిన సోడా సీసాలోలా బుడగలు కట్టే ప్రమాదం ఉంది. కీళ్లనొప్పులు, తిమ్మిర్లతో మొదలై ఒక్కోసారి పక్షవాతం దాకా పోవచ్చు. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది డైవర్ల భద్రతా సంస్థల సూచన. శిక్షకుల్లో చాలామంది 24 గంటలు ఆగమంటారు. కొత్తవారికి నేను చెప్పేదీ అదే. తలకు హెల్మెట్ తగిలించి సముద్రం అడుగున నడిపించే సీ వాక్‌లోనూ పీల్చేది పీడనంతో పంపిన గాలే కాబట్టి దానికీ ఇదే నియమం పాటించండి. నీటి మీద తేలుతూ గొట్టంతో ఊపిరి పీల్చే స్నార్కెలింగ్‌కు మాత్రం ఈ ఇబ్బంది లేదు.

దీనికి విరుగుడు సులభం. పోర్ట్ బ్లెయిర్‌లో మొదట్లో ఉంచుకున్న రెండు రాత్రుల్లో ఒకదాన్ని చివరికి జరపండి. రెండో రోజు ఉదయమే హావ్‌లాక్ చేరుకుంటే, మూడో రోజు పొద్దున్నే డైవింగ్ పెట్టుకోవచ్చు. నాలుగో రోజు మధ్యాహ్నం ఫెర్రీలో తిరిగి రావచ్చు. మీవారి సరదా ఏమీ తగ్గదు. డైవింగ్ పడవ మీద ఉంగరాలు, గాజులు తీసేయమంటారు, అది మంచిదే. మెడలోని సూత్రాలు, నల్లపూసలు తీయడానికి కొత్త పెళ్లికూతుళ్లు సంకోచిస్తారు. తీయక తప్పదా అని శిక్షకుణ్ణి ముందే అడగండి. గొంతు దాకా జిప్పు ఉండే సూటయితే లోపలికి వేసుకుని బిగించుకోవచ్చు.

ఆఖరి రాత్రి దీవిలో ఉండవద్దని చెప్పడానికి ఇంకో కారణం ఫెర్రీ. ప్రైవేటు ఫెర్రీకి గంటన్నర, ప్రభుత్వ ఫెర్రీకి రెండున్నర గంటలు ఇంచుమించుగా పడుతుంది. తొమ్మిదికి కదలవలసింది పదింటికి కదిలినా, సముద్రం అల్లకల్లోలంగా ఉండి ఆ పూటకు రద్దయినా, విమానం మీకోసం ఆగదు. మార్చిలో సముద్రం సాధారణంగా ప్రశాంతంగానే ఉంటుంది. శ్రావణంలో పెళ్లి చేసుకుని వానాకాలంలో వెళ్లేవారైతే ఈ మాటను ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

ఇక మీ కోరిక. ఆఖరి రోజు పరుగులు ఉండకూడదంటే, సూర్యాస్తమయాన్ని అక్కడి రాధానగర్ బీచ్‌లో, హావ్‌లాక్‌లో ఉన్న రెండు సాయంత్రాల్లోనే తనివితీరా చూసేయండి. మన రుషికొండతో పాటు 2020లో, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్ అది. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కావడంతో, హైదరాబాదు కంటే దాదాపు గంట ముందే అక్కడ పొద్దు గూకుతుంది. మార్చిలో ఐదున్నరకల్లా సూర్యుడు నీళ్లలోకి దిగిపోతాడు. టీ తాగి తీరిగ్గా ఆరింటికి వెళ్లిన జంటలకు దొరికేది చీకటే. అందుకే నాలుగున్నరకే ఇసుకలో కూర్చోండి.

ఆఖరి ఉదయాన్ని పూర్తిగా మీ చేతిలో ఉంచుకోండి. పొద్దున ఆరింటికే బాగా వెలుతురు వచ్చేస్తుంది. ఊరికి దగ్గరలో ఉన్న కార్బిన్స్ కోవ్ బీచ్‌లో కొబ్బరిచెట్ల కింద ఒక గంట ఊరికే నడవండి, కానీ నీళ్లలో దిగకండి. తడి బట్టలు, తువ్వాళ్లు పెట్టె బరువును ఎంత పెంచుతాయో 15 కిలోల పరిమితి దాటి కౌంటరు దగ్గర డబ్బు కట్టినవారిని అడిగితే చెబుతారు. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలును తప్పక చూడండి, అయితే మొదటి రోజు సాయంత్రానికి పెట్టుకోండి. ఆ గదుల ముందు నిలబడ్డాక వెంటనే విమానానికి పరుగెత్తాలనిపించదు.

పగడాల మాట మరచిపోండి. ఒడ్డుకు కొట్టుకువచ్చిన చచ్చిన ముక్క అయినా సరే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలను తీసుకురావడం నేరం. కొన్ని రకాల శంఖాలు, గవ్వలకూ ఆ రక్షణ ఉంది. ఇసుకలో ఏరి సంచిలో వేసుకున్నవి విమానాశ్రయంలో స్కానర్ దగ్గర బయటపడతాయి. కావాలంటే పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రభుత్వ దుకాణం సాగరికలో అమ్మే గవ్వల వస్తువులు కొని, బిల్లు చేతిసంచిలో ఉంచుకోండి. పగడాలు తేలేమన్న మాట అత్తయ్యగారికి మీరు కాక మీవారు ఫోన్ చేసి చెబితే బాగుంటుంది.

ప్రశ్న: అంత దూరం వెళ్లే స్థోమత మాకు లేదు. పెళ్లయ్యాక మూడు రోజులకు విశాఖ వెళ్తున్నాం. ఆఖరి సాయంత్రం రుషికొండలో సూర్యాస్తమయం చూసి, రాత్రి రైలెక్కుదామనుకుంటున్నాం. బాగుంటుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: విశాఖ తూర్పు తీరం కదండీ! అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే తప్ప సముద్రంలో మునగడు. సాయంత్రం మీ వెనక కొండల చాటుకు వెళ్లిపోతాడు. అందుకని రుషికొండను ఆఖరి రోజు ఉదయానికి మార్చండి. నీళ్లలో దిగితే మోకాళ్ల లోతు దాటవద్దు, కాపలా సిబ్బంది ఈల వేస్తే వెంటనే వెనక్కి రండి; అక్కడ లోపలి ప్రవాహాలు బలమైనవి. గది ఖాళీ చేశాక సామాను స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టి, సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూడండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఆ నౌక లోపల నడిచే దారి చాలా ఇరుకు, కాబట్టి పట్టుచీర వద్దని మీ శ్రీమతిగారికి ముందే చెప్పండి. దానికి సోమవారం సెలవు.