ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్ కెరీర్ ఎలా ఉంటుంది? మా ఇంట్లో ఎనిమిదేళ్లు చూసిందే చెప్తాను

మీ ప్రశ్న చదవగానే పదేళ్ల కిందట మా కారులో జరిగింది గుర్తొచ్చింది. మీ బాబుకి పదేళ్లు, ఇన్నాళ్లూ ఫార్వర్డ్‌గా ఆడాడు, ఈ సీజన్‌లో కోచ్ డిఫెన్స్‌లో పెట్టాడు, "ఇంక నేను గోల్స్ కొట్టను కదా" అని ఏడుస్తున్నాడు. డిఫెన్స్‌మన్‌గా పెద్ద స్థాయిలో కెరీర్ అంటే అసలు ఎలా ఉంటుందని అడిగారు. మావాడూ అదే వయసులో అదే మాట అన్నాడండీ, హెల్మెట్ కూడా తీయకుండా వెనక సీట్లో కూర్చుని. ఆ తర్వాత ఎనిమిదేళ్లు డిఫెన్సే ఆడాడు. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కనే. ఆ రాత్రి వాడికి ఎవరి కథ చెప్పానో మీకూ అదే చెప్తాను: మా డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్‌కి ఐదో నంబర్ జెర్సీతో ఆడిన డిఫెన్స్‌మన్ నిక్లాస్ లిడ్‌స్ట్రామ్‌ది.

మేం 2006లో ఈ ఊరు వచ్చాం. అప్పటికి నాకు ఐస్ హాకీ అంటే ఏమీ తెలియదు. మా వారి ఆఫీసువాళ్లు టికెట్లిస్తే మొదటిసారి జో లూయిస్ అరేనాకి, అంటే అప్పట్లో రెడ్ వింగ్స్ ఆడే స్టేడియానికి, వెళ్లాం. పక్, అదే బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ల, ఎటు పోతోందో కంటికి ఆనలేదు. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ నా అవస్థ చూసి, "పక్‌ని వదిలెయ్, ఐదో నంబర్‌ని చూడు" అంది. చూశాను. ఎవర్నీ గుద్దడు, ఎక్కడా ఆత్రం లేదు. అయినా అవతలివాళ్లు అతనున్న వైపు వచ్చేసరికి దారి దొరక్క పక్‌ని మూలకి నెట్టేసి వెళ్లిపోతున్నారు. నాకు వెంటనే మా అన్నయ్య గుర్తొచ్చాడు. ఊళ్లో కబడ్డీ ఆడేటప్పుడు వాడిది కార్నర్. కూతకొచ్చినవాడి మీదకి ఉరికేవాడు కాదు. ఒక్కో అడుగూ వేస్తూ, కూత పెట్టేవాడికి చోటు తగ్గించుకుంటూ పోయేవాడు. గీత దగ్గరికి చేరాక పట్టు. డిఫెన్స్‌మన్ చేసేదీ అదే, కాకపోతే మంచు మీద, వెనక్కి జారుతూ.

ఆట మీకు కొత్త కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తాను. గోలీ (గోల్‌కీపర్) కాకుండా ఐదుగురు ఆడతారు, ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్. మ్యాచ్‌కి మామూలుగా ఆరుగురు డిఫెన్స్‌మన్లుంటారు, మూడు జంటలు. ఫార్వర్డ్ పూర్తి వేగంతో ఎదురుగా వస్తుంటే డిఫెన్స్‌మన్ అంతే వేగంతో వెనక్కి స్కేట్ చెయ్యాలి. ఇద్దరి మధ్యా ఉండే దూరాన్ని ఇక్కడ గ్యాప్ అంటారు. ఆ గ్యాప్ ఎక్కువైతే వాడు షాట్ కొడతాడు, తక్కువైతే పక్కనుంచి దాటేస్తాడు. ఆ దూరాన్ని సరిగ్గా పట్టుకుని, స్టిక్‌ని మంచు మీద ఉంచి, వాడిని మధ్యలోంచి గోడవైపు నెట్టుకుంటూ పోవాలి. ఈ పని బాగా చేసినప్పుడు చూసేవాళ్లకి అసలు ఏమీ జరిగినట్టే ఉండదు. పిల్లలకి మొదట్లో కష్టంగా అనిపించేది ఇదే, చప్పట్లు రావు.

లిడ్‌స్ట్రామ్ స్వీడన్ వాడు. ఇక్కడి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు ఏటా కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 1989 డ్రాఫ్ట్‌లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ అతన్ని మూడో రౌండ్‌లో, 53వ ఆటగాడిగా తీసుకుంది. తీసుకోగానే అమెరికా వచ్చెయ్యలేదు, ఇంకో రెండేళ్లు స్వదేశంలోనే ఆడాడు. 1991లో వచ్చాక బ్రాడ్ మెక్‌క్రిమన్ అనే అనుభవజ్ఞుడికి జంటగా వేశారు. మొదటి సీజన్‌లోనే 60 పాయింట్లు (కొట్టిన గోల్స్, అసిస్టులు, అంటే గోల్‌కి దారితీసిన పాసులు, కలిపి). ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగులో పావెల్ బురే తర్వాత రెండో స్థానం. మీ బాబుకి ఈ 60 అంకె చెప్పండి, డిఫెన్స్ అంటే గోల్స్‌తో సంబంధం లేదనే భయం కొంత పోతుంది.

ఈ కెరీర్‌లో నేను ఎక్కువసార్లు తలుచుకునేది మాత్రం ఇంకోటి. ఏటా ఉత్తమ డిఫెన్స్‌మన్‌కి నోరిస్ ట్రోఫీ ఇస్తారు. 1998, 1999, 2000లో వరసగా మూడేళ్లు లిడ్‌స్ట్రామ్ ఆ ఓటింగులో రెండో స్థానంలోనే ఆగిపోయాడు. మొదటిసారి గెలిచింది 2001లో, 31 ఏళ్ల వయసులో. దానితో కలిపి మొత్తం ఏడు గెలిచాడు, చివరిది 2011లో, 41 ఏళ్ల వయసులో. నాకైతే ఇది వింతగా అనిపించదు. ఫార్వర్డ్‌కి కాళ్ల వేగం ముఖ్యం, అది ఇరవైల్లోనే ఉంటుంది. డిఫెన్స్‌కి కావలసింది అవతలివాడు ఏం చేయబోతున్నాడో ముందే తెలియడం. అది వందల మ్యాచ్‌లు ఆడితే తప్ప రాదు. అందుకే పదేళ్ల పిల్లాణ్ణి ఈ ఒక్క ఏడాది ఆట చూసి తేల్చెయ్యకండి.

ఇరవై సీజన్లలో 1564 మ్యాచ్‌లాడి, 514 నిమిషాలే పెనాల్టీ (తప్పు చేసినందుకు బయట కూర్చోవలసిన సమయం) తెచ్చుకున్నాడు. మ్యాచ్‌కి ఇరవై సెకన్లు కూడా పడదు! రోజూ లీగ్‌లోని గొప్ప ఫార్వర్డ్‌లకి ఎదురుగా నిలబడే మనిషి అతను. గుద్ది ఆపే డిఫెన్స్‌మన్లు బోలెడంతమంది, స్టిక్‌తోనూ నిలబడే చోటుతోనూ ఆపేవాళ్లు అరుదు. గోల్స్ 264, అసిస్టులు 878. జో లూయిస్ అరేనాలో గోల్ వెనక గోడకి పక్ తగిలితే గట్టిగా వెనక్కి తిరిగొచ్చేది. అందుకని కావాలనే గోల్ పక్కకి కొట్టేవాడు, తిరిగొచ్చిన పక్‌ని ఫార్వర్డ్‌లు లోపలికి తోసేవాళ్లు. 2002 ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్ కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు) మొదటి రౌండ్‌లో వాంకూవర్ మీద రెడ్ వింగ్స్ సొంత ఊళ్లోనే రెండు మ్యాచ్‌లు ఓడిపోయింది. మూడో మ్యాచ్‌లో రింక్ మధ్యనుంచి లిడ్‌స్ట్రామ్ కొట్టిన పక్ గోలీని దాటేసింది. సిరీస్ అక్కడే తిరిగింది. ఆ ఏడాది లీగ్ ఛాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ డెట్రాయిట్‌ది, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ అతనిది. ఆ ట్రోఫీ అందుకున్న మొదటి యూరోపియన్ అతనే. 2006 ఒలింపిక్ ఫైనల్‌లో ఫిన్లాండ్ మీద స్వీడన్‌ని 3-2తో గెలిపించిన గోల్ కూడా అతనిదే.

ఓటమి కూడా చెప్పాలి. 2008లో కెప్టెన్‌గా కప్ ఎత్తాడు, అది అతని నాలుగోది. మరుసటి ఏడు మళ్లీ ఫైనల్, ఏడో మ్యాచ్, డెట్రాయిట్‌లోనే. పిట్స్‌బర్గ్ 2-1తో ముందుంది. ఆఖరి సెకన్లలో పక్ ఎడమవైపున్న లిడ్‌స్ట్రామ్ దగ్గరికి వచ్చింది. కొట్టాడు. గోలీ ఫ్లూరీ అడ్డంగా దూకి ఆపేశాడు. అంతకు ముందు రౌండ్‌లో గాయం వల్ల రెండు మ్యాచ్‌లకి దూరమైన మనిషి అతను. ఆ రాత్రి మా వారు టీవీ కట్టేసి చాలాసేపు మాట్లాడలేదు.

ఇక మావాడి సంగతి. ఇక్కడ 14 ఏళ్లలోపు పిల్లల విభాగంలో బాడీ చెకింగ్, అంటే పక్ ఉన్నవాడిని ఒంటితో గుద్ది ఆపడం, మొదలవుతుంది. ఆ మొదటి సీజన్‌లోనే మూలకెళ్లిన పక్ కోసం వెనక్కి పరిగెత్తి, భుజం మీదుగా ఒకసారి చూసుకోకుండా వంగాడు. వెనకనుంచి వచ్చినవాడి దెబ్బకి గోడకి తగిలి మణికట్టు విరిగింది. డిఫెన్స్‌లో అన్నిటికంటే ప్రమాదమైన క్షణం అదే, గోడవైపు మొహం పెట్టి పక్ తీసుకోవడం. పక్ దగ్గరికి చేరేలోపు కనీసం రెండుసార్లు వెనక్కి చూడాలి. మీ బాబుకి ఇప్పటినుంచే అలవాటు చేయించండి, ఆ వయసొచ్చేదాకా ఆగొద్దు. కట్టు ఉన్న ఆ ఆరు వారాల్లో వాణ్ణి యాన్ ఆర్బర్‌లో యోస్ట్ అరేనాకి తీసుకెళ్లాం. అప్పుడు మిషిగన్ యూనివర్సిటీకి క్విన్ హ్యూస్ అనే డిఫెన్స్‌మన్ ఆడుతున్నాడు. చూడ్డానికి అంత పొడగరి కాదు, మిగతావాళ్ల మధ్య ఇంకా చిన్నగా కనబడేవాడు. అతనే 2024లో నోరిస్ గెలిచాడు. మీవాడు పొట్టి అని ఎవరైనా అంటే ఈ పేరు గుర్తుంచుకోండి.

మావాడు ప్రొఫెషనల్ కాలేదు. పద్దెనిమిదేళ్లకి పోటీ ఆట ఆపి ఇంజినీరింగ్‌లో చేరాడు, ఆదివారాలు స్నేహితులతో ఇప్పటికీ ఆడతాడు. పొద్దున్నే ఐదింటికి రింక్‌కి తీసుకెళ్లిన రోజులకి, ఖర్చుకి నాకే బాధా లేదు. కానీ పదేళ్ల వయసులోనే కెరీర్ లెక్కలు వేసుకుంటే మాత్రం ఇంట్లో అందరికీ టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ముందు వాడికి ఆ పని నచ్చాలి.

నా సలహా ఒకటే. వీలైతే రెడ్ వింగ్స్ ఇప్పుడు ఆడే లిటిల్ సీజర్స్ అరేనాకి వాణ్ణి తీసుకెళ్లండి. లిడ్‌స్ట్రామ్ ఐదో నంబర్ జెర్సీని 2014లో రిటైర్ చేశారు, పైకప్పు కింద కనబడుతుంది. కింద మంచు మీద ఎవరో ఒక డిఫెన్స్‌మన్‌ని మీరిద్దరూ ఎంచుకుని, ఒక పీరియడ్ (మ్యాచ్‌లో మూడో వంతు) అంతా పక్ ఎక్కడున్నా అతన్నే చూడండి. ఇంటికొచ్చేటప్పుడు వాడేం చూశాడో వాడినే చెప్పనివ్వండి.

అన్నట్టు, మీ బాబు స్టిక్ కుడివైపు పట్టుకుంటాడా, ఎడమవైపా? స్టిక్ కుడివైపు పట్టే డిఫెన్స్‌మన్లు తక్కువగా దొరుకుతారు, కోచ్‌లు వాళ్లని వెతుక్కుంటారు. కోచ్ మార్చింది అందుకేనేమో ఒకసారి అడిగి, ఇక్కడ రాయండి.